పందెం ఆపినందుకు



మొన్నటి ఆగస్టులో నేనొక పందెాన్ని మధ్యలో ఆపేశాను. మా బడి పిల్లల్లో కొందరికి నా మీద ఇంకా కోపం పోలేదు. సంగతి చెబుతాను, ఎవరిది ఒప్పో మీరే ఆలోచించండి.

ముందుగా ఊరి చెరువులో ఒక మూల నుంచి ఇంకో మూలకు ఈత. ఆ తడిబట్టలతోనే సైకిలెక్కి బండ్లబాట వెంట వాగు దాకా, వాగు మీది కల్వర్టు దాటి గుట్ట దాకా పోవాలి. అక్కడ సైకిలు వదిలేసి గుట్ట చుట్టూ పరుగు. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి చేసే పోటీని ట్రయథ్లాన్ అంటారు. 1974లో అమెరికాలోని శాన్ డియేగోలో ఆ పేరుతో పోటీ జరిగింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరింది. రోడ్డు వదిలి మట్టిబాటల్లో సాగే రకం పోటీ 1996లో హవాయి దీవుల్లో మొదలైంది. అందులో ఈత 1500 మీటర్లు, సైకిలు సుమారు 30 కిలోమీటర్లు, పరుగు సుమారు 10 కిలోమీటర్లు. మావాళ్ల పందెం అందులో అయిదో వంతు కూడా లేదు. బురద మాత్రం ఎవరికీ తీసిపోదు!

ఈల నా చేతికిచ్చి నన్ను కట్ట మీద నిలబెట్టారు. సైకిళ్లు బయలుదేరేసరికి మబ్బు నల్లబడి వాన మొదలైంది. మెరుపు మెరవగానే సెకన్లు లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర ఉరుము వినిపించింది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గదా, అంటే ఆ మెరుపు మూడు కిలోమీటర్ల దూరాన ఉందన్నమాట. ఒక పిడుగుకూ మరో పిడుగుకూ మధ్య అంత దూరం ఉండడం మామూలే. అందుకే మెరుపుకూ ఉరుముకూ నడుమ 30 సెకన్ల కంటె తక్కువ ఉంటే ఆట ఆపాలని, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఆరుబయటికి రావద్దని నియమం. ఒట్టి పొలాల నడుమ బండ్లబాట మీద అందరికంటె ఎత్తున ఉండేది సైకిలు మీది మనిషే. ఈల ఊదాను. అందరినీ వెనక్కి పిలిచి బడి వరండాలోకి తోలాను.

ఇరవై నిమిషాల్లో వాన వెలిసింది. పిడుగు మా దరిదాపుల్లో పడలేదు. వాగు కల్వర్టు కిందనే పారింది. ఎండ కూడా కాసింది! అందరికంటె ముందున్న పదో తరగతి అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ, "గీ వానకే ఆపుతరా సార్? మేం రోజూ బడికి గిట్లనే వస్తలేమా?" అంది. వెనకనుంచి ఎవరో "సారుకు భయం" అన్నారు. విననట్టు ఊరుకున్నాను.

ఆపినవాడి అవస్థ ఇదే. ఏమీ జరగకపోతే అతడు పిరికివాడు. ఆపకపోయి ఉంటే ఏం జరిగేదో ఎవరూ చూపించలేరు.

చైనాలో గాన్సు రాష్ట్రపు కొండల్లో 2021 మే 22న 100 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. 172 మంది పాల్గొన్నారు. దారిలో వడగండ్లు, చల్లటి వాన, పెనుగాలి చుట్టుముట్టాయి. ఎక్కువమంది ఒంటి మీద పల్చటి బనియను, నిక్కరు. 21 మంది చనిపోయారు. వారిలో లియాంగ్ జింగ్ ఆ దేశపు దూరపు పరుగు వీరుల్లో పేరుమోసినవాడు. ధైర్యానికి గాని సాధనకు గాని అతనికి లోటు లేదు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. తడిబట్ట మీద గాలి వీచినప్పుడు ఆ వేడి మన ఒంటినుంచే పోతుంది. 37 డిగ్రీలుండే ఒళ్లు 35 కంటె తగ్గితే వణుకుతో పాటు బుద్ధి కూడా మందగిస్తుంది. అంటే, ఆగాలా వద్దా అని తేల్చుకోవలసిన మెదడే మందగిస్తుంది. ఆ రోజు ఝూ కెమింగ్ అనే గొర్రెల కాపరి వాన చూసి గుహలో తలదాచుకున్నాడు. ఆరుగురిని లోపలికి తెచ్చి మంటవేసి బతికించాడు. అతడు పందెంలో లేడు, గుర్తుంచుకోండి.

మన దగ్గర అంత చలి లేదు. మనకున్నది వాగు. 2023 జులై 27 ఉదయానికి భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్కరోజులో 616 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే ప్రతి చదరపు మీటరు నేల మీద 616 లీటర్లు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం ఇండ్ల కప్పులెక్కారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింది కంకరంతా కొట్టుకుపోయింది. ఆకేరు వాగు ఒక కారును లాక్కుపోయింది. అందులోని ఇద్దరు దక్కలేదు. అంత బరువైన కారు ఎట్లా తేలుతుందని మీరడగవచ్చు. ఆర్కిమిడీస్‌నడుగుదాం. కారు బరువు 1000 కిలోలనుకోండి. దాని అడుగు వైశాల్యం 6 చదరపు మీటర్లు. 17 సెంటీమీటర్ల లోతు మునిగితే చాలు, 1000 లీటర్ల నీటిని తోసేస్తుంది. నేలకూ కారు అడుగుకూ మధ్య సందు కూడా కలిపితే కొంచెం ఎక్కువగా ఒక అడుగు నీరు! ఇక మీ సైకిలెంత? పైగా ప్రవాహం వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. జనగామ దిక్కు పిల్లలు వ్యవసాయ బావుల్లో చక్కగా ఈత నేర్చుకుంటారు, కాని బావినీరు మనిషిని తోయదు. బావిలో గజ ఈతగాడినన్న నమ్మకం వాగులో పనికిరాదు.

ఆపడం తక్కువతనమేమీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జులై 30న జరగవలసిన పురుషుల ట్రయథ్లాన్‌ను మరునాటికి మార్చారు. వానలకు మురికి కొట్టుకొచ్చి సీన్ నది నీరు పాడైనందుకు!

అయితే ఆ అమ్మాయి మాటను నేను కొట్టిపారేయలేను. "రోజూ బడికి గిట్లనే వస్తలేమా" అన్నది నిజమే. వాగు చూసి వెనక్కి మళ్లిన పిల్లవాడికి గైర్హాజరు వేసింది నేనే, ఒకసారి కాదు, చాలాసార్లు. నీళ్లలో దిగి గడ్డకొచ్చినవాణ్ని అందరిముందూ మెచ్చుకున్నదీ నేనే. పందెంలో ఈల ఊది బడిలో ఊదకపోవడం ఏ లెక్క? వాగు పొంగినరోజు రాని పిల్లలకు హాజరు పోకూడదు, ఆనాటి పాఠం మళ్లీ చెప్పాలి. నేనిది మా ఉపాధ్యాయుల సమావేశంలో అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. మళ్లీ అంటాను.

ఆమె అన్న రెండో మాట ఇంకా పదునైనది. "ఆపేదుంటే ముందుగాల చెప్పొద్దా సార్?" నిజంగా చెప్పలేదు. ఎండ కాస్తున్నప్పుడే, ఎవరూ ముందు ఎవరూ వెనుక కానప్పుడే నియమం రాసిపెట్టాలి. ఇప్పుడు ఆమే రాస్తున్నది. ఉరుముకు 30 సెకన్లు. కల్వర్టు రాయి మీద ఎర్రరంగు గీత, నీళ్లు దాన్ని తాకితే ఎవరూ దాటరాదు. ఈల పందెంలో లేనివారి చేతిలోనే ఉండాలి. నిన్న కాగితం పట్టుకొచ్చి, "గుట్ట అవతలున్నోళ్లకు ఈల ఇనబడది సార్, వానల జెండా కనబడది. గప్పుడెట్ల?" అని అడిగింది.

బడి గంట మోయించి చూద్దామనుకుంటున్నాం.