మధ్యాహ్నం తాళం తీయాలి: మా పార్కు ప్రణాళిక

హైదరాబాద్‌లో చాలా కాలనీ పార్కుల్లాగే మాదీ పొద్దున 5 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా తెరిచి ఉంటుంది. నడుమ ఏడు గంటలు తాళం. ఏప్రిల్, మే నెలల్లో మనిషికి నీడ అక్కరపడేది ఆ ఏడు గంటల్లోనే. నాలుగిళ్ళలో అంట్లు తోమి, రెండోపూట పనికి ముందు కాసేపు నడుం వాల్చాలనుకునే ఆడవాళ్ళు, ఫోన్ చేతిలో పట్టుకుని తర్వాతి ఆర్డర్ కోసం చూసే డెలివరీ కుర్రాళ్ళు, ఆ రోజు అడ్డా మీద పని దొరకని కూలీలు ప్రహరీ బయట ఫుట్‌పాత్ మీద కూర్చుంటున్నారు. లోపలి కానుగ చెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి వచ్చింది. అందరూ దాని కిందే సర్దుకోవాలి. పొద్దు వాలినకొద్దీ నీడ జరుగుతుంది, దాంతోపాటు వాళ్ళూ జరుగుతారు. లోపల బెంచీలన్నీ ఖాళీ.

అందుకే మేము మొదట అడిగేది ఫౌంటెన్ కాదు, సెల్ఫీ పాయింట్ కాదు. పొద్దున 5 నుంచి రాత్రి 9 దాకా గేటు తెరిచి ఉంచాలి. మిగతా బాగుచేతలన్నీ ఆ తర్వాతే.

మేమంటే పొద్దున నడకకు వచ్చేవాళ్ళం, సాయంత్రం పిల్లల్ని తెచ్చేవాళ్ళం, కిరాయికి ఉండేవాళ్ళం, వెనక బస్తీ వాళ్ళం. కాలనీ సంక్షేమ సంఘానికి పోటీగా రాలేదు. అయితే ఆ సంఘంలో ఓటు ఇంటి యజమానులకే ఉంది. పార్కు దగ్గర ఆ లెక్క చెల్లదు. లేఅవుట్‌లో పదో వంతు ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసివ్వాలన్నది నిబంధన. రాసిచ్చాక అది ఊరందరి జాగా. ప్లాటు కొన్నప్పుడే పార్కుకూ డబ్బు కట్టామని మీటింగుల్లో కొందరంటారు. ఆ డబ్బుకు వచ్చింది పార్కు పక్కన ఇల్లు, పార్కు కాదు.

గేటు తెరిస్తే తాగుబోతులు చేరతారన్న భయం ఉంది. తాగేవాళ్ళు రాత్రిపూట, తాళం వేశాకే, గోడ దూకి వస్తున్నారు. పొద్దున్నే ఊడ్చే ఆమె గోనెసంచిలో చేరే సీసాలు చూస్తే తెలుస్తుంది. నలుగురు మసిలే చోట అలాంటివాళ్ళు నిలవరు. జంటలు వస్తాయన్నది ఇంకో అభ్యంతరం. మేజర్లయిన ఇద్దరు బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటే మనకొచ్చిన నష్టం ఏమిటో ఎవరూ ఇంతవరకూ చెప్పలేదు. అసలు కష్టం వేరే ఉంది: ఉన్నది ఒక్క వాచ్‌మన్. రోజంతా తెరవాలంటే ఇద్దరు కావాలి. ఆ రెండో జీతం బడ్జెట్‌లో మొదటి పద్దుగా రావాలి. కొత్త జిమ్ పరికరాల కంటే ముందు.

పార్కులో ఇంకే కట్టడమూ లేవకూడదు. కమ్యూనిటీ హాలు, సంఘం ఆఫీసు, గుడి, వాటర్ ట్యాంకు, ఏదైనా సరే. ఒకటి లేస్తే దాని పక్కన రెండోది లేస్తుంది, ఆపైన వాటికి పార్కింగ్ కావాలంటారు. బెంగళూరులో పార్కుకని వదిలిన జాగాను ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే 1991లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆసుపత్రి మంచిదే, కానీ పార్కు జాగాలో కాదు. మా మాటా అంతే. ఒక్క మరుగుదొడ్డికి మాత్రం మినహాయింపు. అది లేకపోవడం వల్లే చాలామంది ఆడవాళ్ళు అరగంటకే ఇంటిదారి పడుతున్నారు. కట్టడంతోపాటే దాన్ని కడిగే మనిషినీ, నీళ్ళ కనెక్షన్‌నీ ఖాయం చేయాలి.

చెట్ల సంగతి. గోడ పొడుగునా ఉన్న కోనోకార్పస్‌ను ఇకమీదట నాటొద్దని 2022లోనే తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. అలాగని ఉన్నవన్నీ ఒక్కరోజులో నరికేస్తే ఆ ఎండాకాలం మాడిపోతాం. ముందు వాటి నడుమ కానుగ, వేప, పొగడ, నేరేడు నాటి, అవి తలెత్తాక పాతవాటిని వంతులవారీగా తీద్దాం. నరకడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. కాంట్రాక్టర్ మాట చాలదు. రాలిన ఆకుల్ని కాల్చడం రేపటి నుంచే ఆగాలి, మూలన ఎరువు గుంత తవ్వుకుంటే సరిపోతుంది. లాన్ మీద మాకు మోజు లేదు. బోరు నీళ్ళన్నీ అదే తాగుతుంది, పైగా దాని మీద కూర్చోవద్దని బోర్డు కూడా.

గేటు దగ్గర బైకులు రాకుండా ఇనుప పైపులు అడ్డదిడ్డంగా పాతారు. బైకులు ఆగాయి, నిజమే. వాటితోపాటు చక్రాల కుర్చీలూ, పసిపిల్లల బండ్లూ ఆగిపోయాయి. మూడడుగుల దారి వదలాలి. మెట్టు ఉన్నచోట అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవున వాలు కట్టాలి. ఆ సందులోంచి బైకు కూడా దూరుతుందంటారా? దూరుతుంది. దాన్ని ఆపడానికి వాచ్‌మన్ ఉన్నాడు. కుర్చీలో వచ్చే మనిషిని ఆపే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

పిల్లల మూల మొత్తం ఎండలోనే ఉంది. మేలో ఇనుప జారుడుబల్ల మీద చేయి పెడితే చుర్రుమంటుంది. కొత్తది కొనక్కర్లేదు, ఉన్నదాన్ని చెట్టు కిందికి మార్చండి. కింద రబ్బరు పలకలు తీసి ఇసుక పోయండి. క్రికెట్ ఆడరాదన్న బోర్డు తీసేసి, తూర్పు మూల సాయంత్రం గంటన్నర వాళ్ళకు వదలండి. టెన్నిస్ బంతి తగిలితే ఎవరూ చావరు.

దీపాల గురించి ఒక్క మాట: ఎత్తుగా కాదు, బాట పక్కన, మొహం మీద పడకుండా.

దాతలు బెంచీలు ఇస్తామంటే సంతోషంగా తీసుకుంటాం. పేరు బెంచీ వెనకాల, అరచేయంత. ప్రారంభోత్సవ శిలాఫలకాలకు ఉన్నవే చాలు, ఇప్పటికే మూడు ఉన్నాయి.

ఏ పనికైనా ఎస్టిమేట్ వేయకముందు వారం రోజులు పార్కులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కూర్చుంటున్నారో గంట గంటకూ రాయాలి. గోడ బయటివాళ్ళనూ లెక్కలో చేర్చాలి. ఆ లెక్కా, ప్లానూ, ఖర్చూ తెలుగులో, ఉర్దూలో గేటుకు అంటించాలి. అభ్యంతరాలకు నెల గడువు ఇవ్వాలి. అప్పటిదాకా సిమెంటు లారీ లోపలికి రాకూడదు.

సంతకాల పుస్తకం గేటు పక్కన ఇస్త్రీబండి దగ్గర ఉంటుంది. వేలిముద్రలూ చెల్లుతాయి. నిండగానే వార్డు ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకుంటాం.