కుంచెకు పిచ్చుక, పళ్లేనికి పావురం

సంక్రాంతి దగ్గరపడేసరికి మన పట్నాల్లో రోడ్ల పక్కన వరి కుంచెలు అమ్మకానికి వస్తాయి. కోతకొచ్చిన చేలో కంకుల్ని కాడలతో సహా కోసి, ఆ కాడల్నే జడలా అల్లి, కంకులు కిందికి వేలాడేట్టు కట్టిన కుచ్చులవి. ఒకప్పుడు గోదావరి జిల్లాల్లో వీటిని డబ్బిచ్చి కొనేవాళ్లు కాదు. చేను కోసేటప్పుడే నాలుగు కట్టలు పక్కన పెట్టి, అల్లడం చేతనైన పెద్దాయన చేత అల్లించి, వసారా దూలానికి ఒకటి, గుడి మండపానికి ఒకటి కట్టేవాళ్లు. ఇప్పుడు కొంటున్నవాళ్లలో చాలామందికి అది పండగ అలంకారం. హాల్లో గోడకు తగిలించి, పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్లూ ఉన్నారు. అక్కడికి పిచ్చుక ఎలా వస్తుందో వాళ్లే చెప్పాలి.

నన్నడిగితే, ఇంటికి పిట్టల్ని పిలవడానికి కుంచెను మించిన సాధనం ఇంతవరకు రాలేదు. ఆన్‌లైన్లో దొరికే ప్లాస్టిక్ ఫీడర్లు, మేడమీద పెట్టే స్టీలు పళ్లేలు దాని ముందు దిగదుడుపే. పిచ్చుక బరువు ముప్పై గ్రాములు, అటూ ఇటూగా. ఊగుతున్న కంకిని కాళ్లతో పట్టుకుని, అవసరమైతే తలకిందులుగా వేలాడుతూ గింజ లాగేస్తుంది. ముక్కుతోనే ఊక ఒలిచి బియ్యం తింటుంది. పావురం దానికి పదింతలు బరువు. కంకి మీద దాని కాలు నిలవదు, దానికి చదునైన చోటు కావాలి. అంటే ఎవరిని రానివ్వాలో ఎవరిని రానివ్వకూడదో కుంచే చూసుకుంటుంది. పైగా గింజ ఊకలోనే ఉంటుంది కాబట్టి చూరు కింద కడితే తడవదు, బూజు పట్టదు. రెట్ట దాని మీద పడదు. ఇదంతా ఎవరో లెక్కలు వేసి తయారుచేసింది కాదు, కళ్లముందు చూసి చూసి నేర్చుకున్నది.

పళ్లెం సంగతి వేరు. అందులో గింజలు పోస్తే ముందు వచ్చేది పావురం, తర్వాత వచ్చేది దాని చుట్టాలు. నాలుగో అంతస్తు ఆయన పుణ్యం కోసం గింజలు చల్లుతాడు, మూడో అంతస్తు ఆవిడ బాల్కనీకి వల కట్టించుకుంటుంది, ఇద్దరి మధ్య అసోసియేషన్ సెక్రటరీ నలుగుతాడు. ఎండి పొడైన పావురాల రెట్ట గాల్లో కలిసి, రోజూ పీల్చేవాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా దెబ్బతీస్తుందని వైద్యులు చాలా ఏళ్లుగా చెబుతున్నారు. ముంబయిలో ఈ గొడవ 2025లో హైకోర్టు దాకా వెళ్లింది. పావురాల్ని మేపే దాదర్ కబూతర్‌ఖానాకు కార్పొరేషన్ వాళ్లు టార్పాలిన్లు కప్పితే, జనం వచ్చి వాటిని పీకేశారు. వాళ్ల జాలిని నేను తప్పుపట్టను. కానీ వేల పావురాల్ని ఒకేచోట మేపడం పావురాలకూ మేలు కాదు. మురికి పళ్లేల దగ్గర పిట్ట నుంచి పిట్టకు రోగం అంటుకుంటుంది. బ్రిటన్‌లో 2005 ప్రాంతంలో పచ్చ ఫించ్ పిట్టలకు సోకిన గొంతు జబ్బు పెరటి మేత గిన్నెల దగ్గరే బాగా పాకింది. ఆ తర్వాత వాటి సంఖ్య దారుణంగా పడిపోయింది.

ఇక మిగిలిపోయిన పులిహోర, మిక్చర్, బ్రెడ్డు ముక్కలు గోడమీద పెట్టడం. ఇది భూతదయ కాదు, గిన్నెలు ఖాళీ చేసుకోవడం. ఉప్పూ నూనే చిన్న పిట్టలకు పడవు. కారం మాత్రం వాటికి తెలియనే తెలియదు. రామచిలుక పండుమిరపను అంత ఇష్టంగా తినేది అందుకే. (చిలుకను పంజరంలో పెట్టి మిరపకాయ తినిపించడం మాత్రం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అది.)

అయితే కుంచె కట్టినంత మాత్రాన పిచ్చుకలు రావు. సెల్‌టవర్లే వాటిని చంపేశాయన్న మాట జనంలో నాటుకుపోయింది. 2018లో వచ్చిన ‘2.0’ సినిమా దానికి ఇంకొంచెం ఎరువు వేసింది. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక చూస్తే, దేశం మొత్తమ్మీద పిచ్చుకలు చాలావరకు నిలకడగానే ఉన్నాయి. హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతూ వచ్చాయి. టవర్లు పల్లెల్లోనూ ఉన్నాయి కదా! పట్నంలో లేనివి వేరే ఉన్నాయి. పెంకుటింటి చూరు లేదు, గోడలో కన్నం లేదు, వాకిట్లో బియ్యం చెరిగే చేట లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా పురుగు లేదు.

గింజలు పెద్ద పిచ్చుకలకు. గూట్లో కళ్లు తెరవని పిల్లలకు కావలసింది మెత్తటి గొంగళిపురుగు, ఆకుపురుగు, చిన్న మిడత. కరివేప మొక్క మీద ఆకుపచ్చ పురుగు కనబడగానే మనం మందుసీసా అందుకుంటాం. ఆ పురుగుల్ని ఉండనిస్తే వాటికోసం పిట్ట వస్తుంది. ఆ చెట్టే పెరిగి నల్లటి పండ్లు కాస్తే వాటికోసం పికిలిపిట్టలూ కోయిలలూ వస్తాయి. మందార పూస్తే తేనెపిట్ట, వేపపండు రాలితే గోరింక. వీటిలో దేనికీ మనం చెంచాడు గింజలు కొనక్కర్లేదు. రాలిన ఆకుల్ని ఒక మూల ఊడవకుండా వదిలేస్తే చాలు, అక్కడ కెలుక్కుని తినే పిట్టలకు అదే వంటిల్లు. పెరడంతా టైల్స్ పరిచి, కుండీల్లో క్రోటన్లు పెట్టి, పిట్టలు రావడం లేదేమిటని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

నీళ్లు మాత్రం ఎవరైనా పెట్టగలరు, అపార్ట్‌మెంట్లోనైనా సరే. వెడల్పాటి మట్టి మూకుడు, అందులో రెండంగుళాలకు మించని నీళ్లు, మధ్యలో కాలు ఆనడానికి ఓ రాయి. నీడలో పెట్టాలి, పిల్లి పొంచే పొదకు దూరంగా ఉండాలి. రోజూ పారబోసి, గిన్నె తోమి, కొత్తనీళ్లు పోయాలి. వారం రోజులు అలాగే వదిలేస్తే పిట్టలకు కాదు, దోమలకు పెట్టినట్టు.

మార్చి 20న పిచ్చుకల దినోత్సవం అంటూ బళ్లలో చెక్క గూళ్లు పంచుతారు. మంచిదే, కానీ అప్పటికే చాలా పిచ్చుకలు గూడు చూసుకుని ఉంటాయి. పెట్టదలచుకున్నవాళ్లు సంక్రాంతికి కుంచెతో పాటే పెట్టండి. ద్వారం అంగుళంపావుకు మించొద్దు, మించితే గోరింక ఆక్రమిస్తుంది. మనిషి తలకంటే బాగా ఎత్తులో, పడమటి ఎండ తగలని గోడకు బిగించండి. మొదటి ఏడాది ఏ పిచ్చుకా రాకపోయినా దాన్ని తీసేయకండి.