వలదన్నను వచ్చిన ట్యాంకులు

ఇంట మంచి తిరుగలి యుండగా మరియొకటి కొనుమని బంధువులు పట్టుపట్టిన మనమేమందుము? అమెరికా భూసైన్యమున కట్టిదే సంభవించెను. తమకు ఏబ్రమ్సు ట్యాంకులు రెండువేలకు మించి యున్నవి గనుక, పాతవానిని క్రొత్తచేయు పని కొన్నియేండ్లు ఆపుదుమని 2012లో సైన్యాధిపతి రే ఒడియర్నో చట్టసభకు విన్నవించెను. సభ్యులు వినక, అడుగని సొమ్ము పదికోట్ల డాలర్లకు పైగా ఆ పద్దుననే చేర్చిరి. (తమ తమ నియోజకవర్గములకై పద్దులు చేర్చుకొను ఆచారమును 2011లోనే మానితిమని చెప్పుకొన్నవారు వీరే!) ఒహాయో రాష్ట్రమున లైమా పట్టణపు కర్మాగారము మూతపడిన, నేర్పరులైన పనివారు చెదరిపోవుదురనియు, వారిని మరల కూర్చుట దుర్ఘటమనియు వారి వాదము. ఆ పనివారి యిల్లాండ్రను తలచి మేమును ఒక క్షణము తడబడితిమి. కాని 2013లో ప్రభుత్వ వ్యయములకు కోతపడగా, అదే సైన్యము అనేక దళముల శిక్షణను తగ్గించుకొనెను. ఆ శిక్షణ కొరవడినవాడు లైమాలో ఒక యిల్లాలి కుమారుడే కావచ్చునుగదా!