గీజరులో అరిగే కడ్డీ

నిక్రోము తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి, ఆపైన లోహపు గొట్టం: గీజరు కాయిల్ నిర్మాణమంతా ఇంతే. తుప్పుపట్టి ఆ గొట్టానికి చిల్లు పడితే పొడి తడిసి, విద్యుత్తు నీటిలోకి దిగుతుంది. ఎర్తు లేని ఇంట అది ప్రాణాంతకం.

కాయిల్ మార్పించే గృహస్థు దాని పక్కనుండే మెగ్నీషియం కడ్డీని సాధారణంగా పట్టించుకోడు. తుప్పును తన మీదికి తెచ్చుకొని, ట్యాంకును కాపాడుతూ అరిగిపోవడమే దాని పని. (ఓడల అడుగున పరచిన రాగి రేకులను జింకు, ఇనుములతో ఇలాగే కాపాడవచ్చునని హంఫ్రీ డేవీ 1824లో చూపాడు. రాగి నిలిచింది గాని, గుల్లలు పట్టి ఓడలు మందగించాయి!) కడ్డీ నడుమనున్న ఉక్కు తీగ బయటపడితే దానినీ మార్పించవలసిందే.

మెయిన్ స్విచ్ ఆపి, ట్యాంకు ఖాళీ చేశాకే పని మొదలుపెట్టాలి. వాషరు కొత్తది వేయాలి. వేడినీటి కుళాయిలో ధార తెగకుండా వచ్చేవరకు కరెంటు ఇవ్వరాదు. నీరులేని ట్యాంకులో కొత్త కాయిల్ కొద్దిసేపటిలోనే మాడిపోతుంది.