గింజలో చద్దిమూట

మన కోవిల్‌పట్టి కడలైమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఎరుగుదుము. ఆ వేరుశనగ గింజకు బలమెట్లు చేరునో ఎరుగుదుమా?

పూత రాలి, ఊడ మన్నులో దిగిన పిమ్మట ముందు తొక్క పెరుగుతుంది. తరువాతనే గింజ ఊరుతుంది. అప్పుడే పప్పుబద్దల కణాలలో మాంసకృత్తులు తయారై చిన్న చిన్న తిత్తులలో నిలువ చేరుతవి. వానిలో ముఖ్యమైన రెంటికి అరాచిన్, కొనరాచిన్ అని పేర్లు. 1916లో అమెరికా శాస్త్రజ్ఞులు జాన్స్, జోన్స్ వీనిని వర్ణించారు. రేపు మొలిచే మొక్కకు తల్లిచెట్టు కట్టిన చద్దిమూట ఇది.

తొందరపడి పీకితే మూట నిండదు. ఎండేసరికి గింజ ముడుచుకొనిపోతుంది. కనుక అమ్మలారా, విరుదునగరు అంగడిలో కాయలు కొనేటప్పుడు నాలుగు ఒలిచి చూడండి. తొక్క లోపలివైపు నల్లబడితే ముదురు, తెల్లగా ఉంటే లేత. మన పిల్లలకు నిండుమూటే పెడదాం.