చక్రం పక్కచూపు – టైరు వేడి

పిల్లలూ! రెండు అరచేతులూ గట్టిగా రుద్ది చెంపలకు ఆనించుకోండి. వెచ్చగా వున్నాయి గదా! రాపిడి వలన వేడి పుడుతుంది. ఈ నెల మనం చెప్పుకోబోయేదంతా ఈ చిన్న సంగతి మీదనే నిలిచివున్నది.

రథయాత్ర నాడు రథాన్ని మలుపు తిప్పడం చూశారా? దాని చక్రాలు పక్కకు తిరగవు. అందుచేత చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, మోకులతో లాగి, మెల్లగా మళ్ళిస్తారు. చక్రాలు నేలను ఒరుసుకుంటూ కదులుతాయి. కారుకు ఆ బాధ లేదు. ముందు చక్రాలు తిరుగుతాయి. కాని రెండూ సమానంగా తిరిగితే చాలదు.

ఒక చుక్క చుట్టూ చిన్న వలయం, దాని బయట పెద్ద వలయం గీయండి. చిన్నదానికి వంపు ఎక్కువ. మలుపులో లోపలి చక్రం నడిచేది చిన్న వలయం మీద. కనుక అది బయటి చక్రం కంటె ఎక్కువ తిరగాలి. గుర్రపుబండ్ల కాలంలోనే లాంకెన్‌స్పెర్గర్ అనే జర్మను ఇందుకు ఉపాయం కనిపెట్టాడు. 1818లో ఆకెర్‌మన్ అనే ఆయన లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పేరు ఆయనదే నిలిచింది!

చక్రం చూసే దిక్కు ఒకటి, బండి పోయే దిక్కు మరొకటి అయితే, రబ్బరు పక్కకు సాగి, నేలతో ఒరుసుకొని వేడెక్కుతుంది. మామూలు కారుకు ఇది నష్టం. పందెపు కారుకు మాత్రం కొంత వేడి కావాలి. చల్లని రబ్బరు రోడ్డును గట్టిగా పట్టదు; మరీ వేడెక్కితే జారుతుంది, త్వరగా అరుగుతుంది. అందుకని ఇంజనీర్లు చక్రాల చూపును ఎంతో జాగ్రత్తగా అమరుస్తారు. 2020లో మెర్సిడెస్ జట్టు కారులో డ్రైవరు స్టీరింగును తనవైపు లాగినా, ముందుకు నెట్టినా ముందు చక్రాల చూపు కొద్దిగా మారేది. దానితో పరుగులోనే టైర్ల వేడిని అదుపు చేసేవారు. 2021 నుంచి నిబంధనలు దానిని నిషేధించాయి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్తు కార్ల పందెం జరిగింది. దారి సుమారు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18. ఈ పందాలలో టైర్లకు ముందుగా వేడి కంబళ్ళు చుట్టరాదు. కనుక డ్రైవర్లు కారును అటూ ఇటూ వంకరలు తిప్పి, బ్రేకులు వేసి టైర్లను వెచ్చబరచుకుంటారు. మీ అరచేతుల ఉపాయమే!

పందెపు కారు కావాలని కాసేపు చేసే పనిని, మన కారు మనకు తెలియకుండా నెలల తరబడి చేయవచ్చు. గుంతలో బలంగా పడితే చక్రాల చూపు చెడుతుంది. అలా అరిగిన టైరు, మండు వేసవిలో శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం పోయే రహదారి మీద పగిలితే ప్రాణాలకే ముప్పు.

మీ ఇంట కారు వుంటే, ఆగివున్నప్పుడు పెద్దలతో కలిసి ముందు టైర్లను చూడండి. ఒక్క అంచే ఎక్కువగా అరిగిందా? మెకానిక్కు చేత చక్రాల అలైన్‌మెంటు చూపించమనండి. రెండంచులూ అరిగి నడుమ బాగుంటే మాత్రం కారణం వేరు. అదేమిటో ఆలోచించి వుంచండి. వచ్చే నెల చెప్పుకుందాం.