వదినగారి మూడు పడవలు

గత వేసవిలో మాకొక రాయబారము తటస్థించినది. మావారి అక్కగారు, అనగా మా వదినగారు, అరువదియొకటవ యేట పుట్టినింటి లంకలో కాపురముండి, పడవలు కొని, గౌతమీ గోదావరిలో తెరచాప యెత్తుచున్నారని వారి కుమారు లిద్దరును మిక్కిలి కలత చెందిరి. పెద్దవాడు హైదరాబాదునందును, చిన్నవాడు సముద్రముల కావలను ఉద్యోగములు చేయుచున్నారు. “అత్తయ్యా, అమ్మ మీ మాట వింటుంది. ఆ పడవలు అమ్మించి, అమ్మను ఇక్కడికి పంపించండి” అని పెద్దవాడు ఫోనులో బ్రతిమాలెను. మావారు పరీక్షాపత్రములు దిద్దుచు నింటనే యుండిపోగా, మేమొక్కరమే బయలుదేరితిమి. దాచనేల? కృష్ణా రామా యనుకొనవలసిన వేళ నీ గాలిపనులేల యని మేమును లోలోన గొణుగుకొంటిమి.

వదినగారికి నీరు క్రొత్తది కాదు. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యని చీలును. వాని నడుమనున్నదే కోనసీమ. ఆ పాయలలోని లంకలయందు పుట్టినవారికి పడవయే బండి. కాటను దొర 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో ముగిసినది. పిమ్మట కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక, తెరచాప పడవలకు బాటలై ధాన్యమును మోసినవి. గాలి పడిపోయినపుడు మనుష్యులు గట్టువెంట నడచుచు పడవను మోకుతో లాగెడివారు. తరువాత రోడ్లును లారీలును వచ్చి ఆ పడవలను మూలబెట్టినవి.

వదినగారు పండ్రెండవ యేట తండ్రిగారి పడవకు చుక్కాని పట్టిరి. పదునెనిమిదవ యేట వివాహమై పట్టణమునకు పోయిరి. నలువది యేండ్లు చుక్కాని పట్టిన చేయి గరిటె పట్టినది. పడవ యెక్కవలదని వారి నెవరును నిషేధింపలేదు. ఎక్కెదవా యని యడిగినవారును లేరు. భర్తగారు గతించి, పిల్లలు దూరమైన తరువాత, రెండేండ్ల క్రిందట తమ వాటాకు వచ్చిన కొబ్బరితోటలోని యింటికి తిరిగి వచ్చిరి.

మేము రేవు దిగునప్పటికి మూడు పడవలు వరుసగా కట్టియున్నవి. “ఒక్క మనిషికి మూడెందుకు, వదినగారూ?” అని మా రాయబారమును అక్కడనే ఆరంభించితిమి.

“మీ వంటింట్లో గిన్నెలెన్ని? పాలగిన్నెలో పులుసు కాస్తావా, మరదలా?” అని వారు నవ్విరి.

ఆ నవ్వులోని సంగతి పిదప దెలిసినది. మొదటిది తాటిదోనె. తాటిమ్రాను తొలిచి చేసినది. మోకాలిలోతు నీటిలో గడతో నెట్టినచో సాగును. కూరగాయలు, పశువుల గడ్డి తెచ్చుటకు దానిని మించినది లేదు గాని తెరచాపకు పనికిరాదు. రెండవది పలకల పడవ. అడుగు బల్లపరుపుగా నుండును; నలుగురిని మోయును. వెనుకగాలి యున్నంతవరకు హాయిగా పోవును. ఎదురుగాలికి ప్రక్కకు జారిపోవును. మూడవది ఫైబరుతో చేసిన చిన్న క్రీడాపడవ, ఒకరు వాడి విడిచినది. హైదరాబాదు హుస్సేనుసాగరములో పందెములాడునవి ఇట్టి జాతివే. దీని నడుమ చీలికగుండ నీటిలోనికి దింపు పలక యొకటి గలదు. ఆ పలక పడవను ప్రక్కకు జారనీయదు. కావున గాలి వచ్చు దిక్కునకు నేరుగా పోలేకున్నను, కుడికి కొంత, యెడమకు కొంత మెలికలు తిరుగుచు ఎదురుగాలిలోనే ముందునకు పోగలదు.

ఇవి కొబ్బరి దింపు సొమ్ముతో కొన్నవి. పిల్లల నడిగినది లేదు, అప్పు చేసినది లేదు. కొనుట యొక్కనాటి పని, పోషించుట యేడాది పని. పలకల సందులలో నూలు కూరి తారు పూయవలెను, తెరచాప చిరుగులు కుట్టవలెను, మోకులు ఎండబెట్టవలెను. “మొదటి రెండూ అవసరం. మూడోది ఆశ. ఆశ అని తెలిసే కొన్నాను” అని వదినగారు దాపరికము లేకుండ చెప్పిరి.

తిరిగి నేర్చుట సులభమైనదా యని యడిగితిమి. “ముడులు చేతికి గుర్తున్నాయి. మోకాలికే ఏమీ గుర్తులేదు” అనిరి. మొదటి నెలలో రెండుమారులు నీట పడిరట. అంతట తొందర మాని, తొలుత దోనెతో కోడులోను, పిమ్మట పలకల పడవతో గట్టు ప్రక్కనను, చివర నడిపాయలోను అభ్యసించిరి. ఇప్పుడు పడవలోనికి దుముకుట లేదు. గట్టున పీట వేసికొని దిగుదురు. బరువు మోకు లాగుటకు పొరుగింటి కుఱ్ఱవాడు తోడుండును. లైఫ్ జాకెట్టు తొడుగక త్రాడు విప్పరు.

మరునాడు కోటిపల్లి సోమేశ్వరుని దర్శనమునకు పలకల పడవలో బయలుదేరితిమి. అచ్చట నదికి సముద్రముతో లెక్క యున్నది. పాటువేళ నీరు పడవను దిగువకు దించును. వేసవి మధ్యాహ్నమున సముద్రపు గాలి దానిని ఎగువకు దెచ్చును. ఆ రెంటి వేళలు నెరిగినవారికి తెడ్డుతో పని స్వల్పము. తెరచాప గాలి పోసికొని నిండుచూలాలివలె నుబ్బినది. మాకు భయము పోయి వేడుక కలిగినది. భారతములో సత్యవతి యమునపై నోడ నడపిన కథను చిన్ననాడే చదివియుండియు, మా యింటి యాడుపడుచు పడవ నడపిన ముక్కున వ్రేలు వేసికొంటిమే యని సిగ్గును కలిగినది.

దూరమున కోటిపల్లి రేవులోని పంటు కనబడుచున్నది. అంతలో గాలి చటుక్కున నిలిచిపోయినది. వదినగారు వాయవ్యమువైపు చూచిరి. అచ్చట కాటుక రేఖవంటి మబ్బు. ఒక్క మాటయైన ననక తెరచాప దించి, కుఱ్ఱవానిచే గడ వేయించి, దగ్గరి లంకకు పడవను త్రిప్పిరి. “ఇంత దూరము వచ్చి!” యని మేము విసుగుకొంటిమి.

“దేవుడు రేపూ ఉంటాడమ్మా. గాలి చెప్పేది మాత్రం ఇవాళే వినాలి.”

అరటితోటలోని పాకకు చేరిన కొలదిసేపటికే గాలివాన విరుచుకుపడినది. అరటిచెట్లు నడుములు విరిగినవి. నది తెల్లగా నురుగులు గ్రక్కినది. ఆ పాకలో తడిచీరలతో గూర్చుండియే కుమారుల సందేశమును విన్నవించితిమి. వారు కోపింపలేదు. కొంతసేపు వాన చూచి, “వాళ్ళ ఇంట్లో నేను కూర్చునే మనిషిని. ఇక్కడ నేను కూర్చుంటే పడవ కదలదు” అనిరి. మాకు మారు మాట దొరకలేదు.

ఇంటికి వచ్చి చెప్పగా మావారు గ్లోబు ముందుంచుకొని, జీన్ సోక్రటీసు అను ఆంగ్లవనిత కథ చెప్పిరి. గణితము బోధించిన ఆమె, ఐదుపదులకు చేరువైన తరువాతనే ఓడ నడపుట నేర్చినది. 2003లో భర్త గతించెను. 2008లో, భూప్రదక్షిణము ముగియుటకు నూరు మైళ్లైనను లేదనగా, మెక్సికో తీరమున ఆమె నావ చెడిపోయినది. మరియొక నావకు ఆ పేరే పెట్టి, 2013లో ఎచ్చటను ఆగక ఒంటరిగా భూమిని చుట్టివచ్చినది. 2019లో 77వ యేట మరల నట్లే చుట్టినది. మన నౌకాదళపు మహిళలార్గురు 55 అడుగుల ‘తారిణి’ పై 2017 సెప్టెంబరులో గోవా విడిచి, భూమిని చుట్టి, 2018 మే నెలలో మరల గోవా చేరిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు మన తెలుగు బిడ్డలే. వదినగారి కోటిపల్లి ప్రయాణము వీని ముందు పిల్లల యాటయే. అయినను వెనుదిరుగు వేళ నెరుగుట సముద్రమునకు నెంత యవసరమో, పాయకు నంతే యవసరము.

ఆ రాత్రియే మేనల్లుళ్లకు ఫోను చేసి మా రాయబారము బెడిసినదని తెలిపితిమి. పడవ లమ్ముటకు మారుగా నియమములు కుదిర్చితిమి. ఒంటరిగా పోరాదు. జూలై మొదలు సెప్టెంబరు వరకు, వరదల కాలమున, మూడును గట్టుమీదనే యుండవలెను. బయలుదేరునపుడును తిరిగి వచ్చినపుడును ఫోను చేయవలెను. ఇవన్నియు తాము చేయుచున్నవే యని వదినగారు నవ్విరి. పెద్దవాడు సమ్మతించెను. చిన్నవాడు నెల దినములు మాటాడలేదు. పిదప నొకనాడు వదినగారి కొలతకు సరియైన క్రొత్త లైఫ్ జాకెట్టు పార్సెలులో వచ్చినది. అందులో ఉత్తరము లేదు.

సోదరీమణులారా! మీ యింటను ఏ అక్కగారో అత్తగారో ఒకనాడు నేర్చి విడిచిన విద్య యుండవచ్చును. గవిసెనలోని వీణయో, అటకపై నల్లికసూదుల పెట్టెయో, తుప్పుపట్టిన సైకిలో. వారు దానిని మరల చేతికి దీసికొన్ననాడు, మావలె ముందుగా రాయబారము మోయకుడు. ఒక్కసారి ప్రక్కన గూర్చుండి చూడుడు. ఆ పిదప చెప్పవలసినది మిగిలియున్న చెప్పుడు.

సోమేశ్వరుని దర్శన మింకను బాకీ యున్నది. వరదలు తీసిన పిదప రమ్మని వదినగారి కబురు వచ్చినది. ఈసారి చుక్కాని మాకే యిచ్చెదరట.